కరెంటు పోయి వచ్చాక నాస్ షేర్ మౌంట్ కావట్లేదా? స్లీప్ సెకన్లు పెంచకండి, ఇలా చేయండి

మీరు చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇదీ. స్టూడియోలో ఉబుంటు 24.04 ఉన్న పీసీ, దాని పక్కన నాస్ బాక్సు (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే డిస్కుల పెట్టె). పెళ్లి ఫొటోలు, వీడియోలు రాత్రిపూట క్రాన్ (అనుకున్న వేళకు పనులు నడిపేది) ద్వారా ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసేది) నడిచి నాస్‌లోకి కాపీ అవుతాయి. నాస్‌లోని షేర్‌ని (పంచుకున్న ఫోల్డర్‌ని) ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో, అంటే ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలులో, సిఫ్స్‌గా (విండోస్ తరహా షేర్‌గా) రాశారు. చేత్తో ‘సుడో మౌంట్ -ఏ’ కొడితే వెంటనే మౌంట్ అవుతోంది. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి అవుతోంది, ఒక్కోసారి కావట్లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం అసలు కావట్లేదు. క్రాన్‌లో @రీబూట్ పెట్టి, 60 సెకన్లు స్లీప్ ఇచ్చి మౌంట్ చేయమన్నా ఫలితం లేదు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: ఈమధ్య పీసీ డిస్కు నిండిపోయిందని మెసేజ్ వస్తోంది, ఏ ఫోల్డర్ తిందో కనిపించట్లేదు అని.

ఆ చివరి మాట మీరు వేరే సమస్య అనుకుని రాసినట్టున్నారు. రెండూ ఒకటే సమస్య అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పైగా ఇప్పుడు ముందు చూడాల్సింది అదే, ఎందుకంటే అందులో మీ కస్టమర్ల ఫొటోలు ఉండొచ్చు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. (కమాండ్లు, ఆప్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. యూనిట్ ఫైళ్లలోని పేర్లు, నెట్‌వర్క్‌మేనేజర్ పేరు, మీ షేర్ పేరు తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాలే.)

మౌంట్ పాయింట్ అంటే ఒక మామూలు ఖాళీ ఫోల్డర్. మీ విషయంలో అది /ఎంఎన్‌టీ/నాస్. షేర్ మౌంట్ అయితే ఆ ఫోల్డర్ మీద నాస్ వచ్చి కూర్చుంటుంది. మౌంట్ కాకపోతే అది ఉత్త ఫోల్డరే, కానీ అక్కడే ఉంటుంది. ఆర్‌సింక్‌కు ఈ తేడా తెలియదు. /ఎంఎన్‌టీ/నాస్‌లోకి కాపీ చేయమన్నారు, ఆ ఫోల్డర్ ఉంది, కాపీ చేసేసింది. నాస్ మౌంట్ కాని రాత్రుల్లో మీ బ్యాకప్ అంతా పీసీ సొంత డిస్కులోకే వెళ్లింది. పొద్దున మీరు వచ్చి చేత్తో మౌంట్ చేయగానే ఆ ఫైళ్ల మీద నాస్ వచ్చి కప్పేసింది. అవి డిలీట్ కాలేదు, కనిపించడం మానేశాయి అంతే. అందుకే డీఎఫ్ కొడితే డిస్కు నిండా ఉందంటుంది, డీయూతో ఫోల్డర్లు లెక్కపెడితే అంత రాదు.

వాటిని చూడాలంటే మౌంట్ తీయాల్సిన పని కూడా లేదు. /ఎంఎన్‌టీ/అసలు అని ఒక కొత్త ఫోల్డర్ చేసి, ‘సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ/అసలు’ అని కొట్టండి. ఇలా బైండ్ చేస్తే రూట్ డిస్కు మాత్రమే కనిపిస్తుంది, దాని మీద కూర్చున్న ఇతర మౌంట్లు కనిపించవు. ఇప్పుడు /ఎంఎన్‌టీ/అసలు/ఎంఎన్‌టీ/నాస్ లోపలికి వెళ్లి చూడండి. దారి తప్పిన బ్యాకప్ అక్కడ ఉంటుంది. నాస్ నిజంగా మౌంట్ అయి ఉందని నిర్ధారించుకుని, అక్కడి నుంచి నాస్‌లోకి ఆర్‌సింక్ చేయండి. రెండు వైపులా ఒకే పేరుతో ఫైళ్లు ఉంటే ఏది కొత్తదో చూసుకోండి. ఆర్‌సింక్‌కు ‘--అప్‌డేట్’ ఇస్తే నాస్‌లో ఉన్న కొత్త ఫైలు మీద పాతది రాయదు. మొత్తం చేరిందని తేలాకే ఇక్కడివి డిలీట్ చేసి, /ఎంఎన్‌టీ/అసలును అన్‌మౌంట్ చేయండి. ఈ పని అయ్యేదాకా కింద రాసినవేవీ మొదలుపెట్టకండి, దయచేసి.

ఇక మౌంట్ ఎందుకు కావట్లేదో చూద్దాం.

చాలామంది ఎఫ్ఎస్‌ట్యాబ్ లైన్‌లో తప్పుందేమో అని దాన్నే పదిసార్లు మార్చి చూస్తారు. చేత్తో కొడితే అవుతోందంటే పాస్‌వర్డు, దారి, వెర్షన్ అన్నీ బాగానే ఉన్నట్టు. తేడా అంతా సమయంలో ఉంది. మీరు చేత్తో కొట్టే వేళకు రూటర్ లేచింది, పీసీకి అడ్రస్ వచ్చింది, నాస్ లేచింది. బూట్ సమయంలో ఇవేవీ గ్యారంటీ లేవు.

బూట్‌లో సిస్టమ్‌డీ (ఉబుంటులో సర్వీసులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని చదివి ఒక్కో లైన్‌కు ఒక మౌంట్ యూనిట్ (ఏం చేయాలో చెప్పే చిన్న ఫైలు) తయారు చేస్తుంది. సిఫ్స్, ఎన్ఎఫ్ఎస్ లాంటి రకాలను నెట్‌వర్క్ షేర్లుగా గుర్తుపట్టి, నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ వచ్చాకే మౌంట్ చేయాలని వరుస పెడుతుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ సిఫ్స్ మౌంట్‌ని బూట్‌లో ఒక్కసారే ప్రయత్నిస్తుంది. అప్పుడు నాస్ పలకకపోతే ఫెయిల్ అని రాసుకుని వదిలేస్తుంది, తర్వాత మళ్లీ దాని జోలికి పోదు. ‘ఆన్‌లైన్’ అంటే మీ పీసీకి నెట్‌వర్క్ వచ్చిందని మాత్రమే అర్థం. అవతల నాస్ లేచిందో లేదో అది చూడదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు పీసీ, రూటర్, స్విచ్, నాస్ అన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఎస్ఎస్‌డీ ఉన్న పీసీ అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. నాస్ మాత్రం డిస్కులు తిప్పి, రెయిడ్ (కలిపి వాడే డిస్కుల జట్టు) చూసుకుని, తర్వాతే సాంబా సర్వీసు (షేర్‌ని నెట్‌వర్క్‌లో అందించేది) మొదలుపెడుతుంది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. షట్‌డౌన్ కాకుండా కరెంటు పోయి ఉంటే చెకింగ్ కూడా తోడై ఇంకా ఆలస్యం. మీ 60 సెకన్ల స్లీప్ పనిచేయకపోవడానికి కారణం ఇదే. దాన్ని 300 చేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఒకరోజు నాస్ 6 నిమిషాలు తీసుకుంటుంది, ఆ రాత్రి బ్యాకప్ మళ్లీ పీసీ డిస్కులోకి పోతుంది. ఎంత పెట్టినా అది ఊహే, పైగా అదీ ఒక్కసారి ప్రయత్నమే. ఆ లైన్ క్రాన్‌లోంచి తీసేయండి.

నా మాట నమ్మి ఊరుకోకుండా మీ లాగ్ మీరే చూడండి. కరెంటు వచ్చాక, చేత్తో ఏమీ మౌంట్ చేయకముందే, ‘జర్నల్‌సీటీఎల్ -బి -ఓ షార్ట్-మోనోటోనిక్’ కొట్టండి. ఎడమ పక్కన బూట్ మొదలైనప్పటి నుంచి ఎన్నో సెకను అనేది కనిపిస్తుంది. అందులో రెండు సమయాలు వెతకండి: నెట్‌వర్క్‌మేనేజర్ ఐపీవీ4 అడ్రస్ తీసుకున్న సెకను, మౌంట్ ఫెయిలైన సెకను. అడ్రస్ కంటే ముందే మౌంట్ ఫెయిలైతే తప్పు మీ పీసీ నెట్‌వర్క్ వరుసలో ఉంది. అడ్రస్ వచ్చాకే ఫెయిలైతే అవతల నాస్ ఇంకా లేవలేదు. ఒక్క మౌంట్ లాగ్ మాత్రమే కావాలంటే ‘జర్నల్‌సీటీఎల్ -బి -యు ఎంఎన్‌టీ-నాస్.మౌంట్’ చాలు. దారిలో మొదటి స్లాష్ గీత తీసేసి, మిగతా గీతల స్థానంలో హైఫన్ పెడితే యూనిట్ పేరు వస్తుంది.

మౌంట్ ఎర్రర్ పక్కన వచ్చే నంబరు చాలా చెబుతుంది. 101 వస్తే మీ పీసీకే ఇంకా నెట్‌వర్క్ లేదు. 113 వస్తే పీసీ రెడీ, కానీ ఆ అడ్రస్‌లో ఎవరూ పలకట్లేదు. 111 వస్తే నాస్ బాక్సు లేచింది, సాంబా ఇంకా లేవలేదు. కరెంటు వచ్చిన కొత్తల్లో ఒకటి తర్వాత ఒకటిగా ప్రయత్నిస్తే 113, 111, ఆ తర్వాత మౌంట్ అవ్వడం ఈ వరుసలో కనిపిస్తాయి. 13 వేరే జాతి, అది పాస్‌వర్డు లేదా పర్మిషన్ సమస్య. దాని సంగతి తర్వాత చెబుతాను.

కారణం మీ పీసీ నెట్‌వర్క్ అయినా, ఇంకా లేవని నాస్ అయినా పరిష్కారం ఒకటే: బూట్‌లో మౌంట్ చేయడమే మానేయండి. ఎవరైనా ఆ ఫోల్డర్ లోపల అడుగుపెట్టినప్పుడు మౌంట్ అయ్యేలా పెట్టండి. దీన్నే ఆటోమౌంట్ అంటారు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో మీ లైన్ ఇలా మారుతుంది:

//192.168.1.20/ఫొటోస్  /ఎంఎన్‌టీ/నాస్  సిఫ్స్  క్రెడెన్షియల్స్=/ఈటీసీ/నాస్-క్రెడ్,యూఐడీ=1000,జీఐడీ=1000,_నెట్‌డెవ్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్,ఎక్స్-సిస్టమ్‌డీ.మౌంట్-టైమౌట్=30  0  0

ఇందులో ప్రాణం ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్. బూట్‌లో నాస్ జోలికి వెళ్లకుండా ఆ ఫోల్డర్ దగ్గర ఒక కాపలా పెడుతుంది. రాత్రి 11కి ఆర్‌సింక్ లోపలికి వెళ్లబోగానే కెర్నెల్ (లైనక్స్ లోపలి అసలు భాగం) దాన్ని అక్కడే ఆపి, సిస్టమ్‌డీతో మౌంట్ చేయించి, తర్వాత లోపలికి వదులుతుంది. అప్పటికి నాస్ లేచి చాలాసేపు అయి ఉంటుంది. ఒకవేళ లేవకపోయినా ఖాళీ ఫోల్డర్ చూపించదు, ఎర్రర్ ఇస్తుంది. ఆర్‌సింక్ అక్కడే ఆగిపోతుంది, పీసీ డిస్కులోకి ఒక్క ఫైలూ పోదు. తర్వాత ఇంకోసారి ఎవరైనా లోపలికి వెళ్లబోతే మళ్లీ కొత్తగా ప్రయత్నిస్తుంది. నోఫెయిల్ వల్ల షేర్ అందకపోయినా బూట్ ఆగదు. మౌంట్-టైమౌట్ 30 పెడితే పలకని నాస్ కోసం 30 సెకన్లకు మించి వేచి ఉండదు, లేకపోతే మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. _నెట్‌డెవ్ సిఫ్స్‌కు తప్పనిసరి కాదు, కానీ ఉంటే నష్టం లేదు.

ఫైలు సేవ్ చేశాక ‘సుడో ఫైండ్ఎంఎన్‌టీ --వెరిఫై’ కొడితే అక్షర దోషాలుంటే చెబుతుంది. తర్వాత ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్’ తప్పకుండా కొట్టాలి. ఎఫ్ఎస్‌ట్యాబ్ మార్చినంత మాత్రాన పాత యూనిట్లు మారవు. చాలామంది ఇది వదిలేసి, మార్పు పనిచేయలేదనుకుని లైన్‌ని మళ్లీ పాతదానికి తిప్పేస్తారు. ఆ తర్వాత పాత మౌంట్‌ని తీసేసి, ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ఎంఎన్‌టీ-నాస్.ఆటోమౌంట్’ కొట్టండి.

ఆటోమౌంట్‌లో ఒక చిక్కు ఉంది, ముందే తెలిసి ఉండాలి. నాస్ సగం లేచిన సమయంలో, అంటే 111 వచ్చే దశలో, ఏదో ప్రోగ్రామ్ ఆ ఫోల్డర్‌ని వెంటవెంటనే తడుతూ ఉంటే మౌంట్ ప్రయత్నాలు 10 సెకన్లలో 5 దాటిపోతాయి. అప్పుడు సిస్టమ్‌డీ ఆటోమౌంట్‌నే ఫెయిల్ చేసి కాపలా ఎత్తేస్తుంది. లాగ్‌లో ‘మౌంట్-స్టార్ట్-లిమిట్-హిట్’ అని కనిపిస్తుంది. కాపలా పోయాక అది మళ్లీ ఉత్త ఫోల్డరే, మీ పాత ప్రమాదం తిరిగొచ్చినట్టే. విడిపించాలంటే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్’ కొట్టి ఆటోమౌంట్‌ని మళ్లీ స్టార్ట్ చేయాలి.

ఈ ప్రమాదానికి అడ్డుగా రెండు పనులు చేయండి. ఈ రెండూ ప్రతి బ్యాకప్ మెషీన్‌లో ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

ఒకటి, కింద ఉన్న ఖాళీ ఫోల్డర్‌లో ఎవరూ రాయలేకుండా చేయడం. ఆటోమౌంట్‌ని, మౌంట్‌ని రెండింటినీ స్టాప్ చేయండి. ఫోల్డర్ నిజంగా ఖాళీగా ఉందో చూసుకోండి. అప్పుడు ‘సుడో సీహెచ్ఏటీటీఆర్ +ఐ /ఎంఎన్‌టీ/నాస్’ కొట్టండి. ఇక మౌంట్ లేనప్పుడు రూట్ యూజర్ కూడా అందులో ఫైలు పెట్టలేడు. మౌంట్ అవ్వడానికి దీనివల్ల అడ్డేమీ లేదు, నాస్ ఎప్పటిలాగే పైన వచ్చి కూర్చుంటుంది. మౌంట్ అయి ఉన్నప్పుడు ఈ కమాండ్ కొట్టకండి, అది నాస్ ఫోల్డర్‌కు తగులుతుంది.

రెండు, నాస్‌లో ఒక గుర్తు ఫైలు పెట్టడం. షేర్ లోపల ‘ఇది-నాస్’ అని ఖాళీ ఫైలు ఒకటి చేయండి. బ్యాకప్ స్క్రిప్టులో మొదటి లైన్‌గా, ఆ ఫైలు ఉందో లేదో ‘టెస్ట్ -ఈ’తో చూసి, లేకపోతే ఎగ్జిట్ అయ్యేలా రాయండి. మీకు ఎవరో ‘మౌంట్‌పాయింట్ -క్యూ’ వాడమని చెప్పారని రాశారు కదా. ఆటోమౌంట్ పెట్టాక అది పనికిరాదు. ఎందుకంటే ఆ కాపలా కూడా కెర్నెల్ దృష్టిలో ఒక మౌంటే. నాస్ లేకపోయినా మౌంట్ ఉందనే చెబుతుంది. గుర్తు ఫైలు అలా మోసం చేయదు, నిజమైన నాస్ మీద తప్ప అది ఎక్కడా ఉండదు. పైగా లోపలి ఫైలుని అడగడం వల్ల ఆటోమౌంట్ కూడా దానంతటదే కదులుతుంది.

బూట్‌లోనే మొదలయ్యే సర్వీసు ఏదైనా ఈ షేర్ మీద ఆధారపడితే, ఉదాహరణకు క్లయింట్లకు వీడియోలు చూపించడానికి జెల్లీఫిన్ పెట్టుకుంటే, ఇంకొంచెం పని ఉంది. చాలా చోట్ల సర్వీసు యూనిట్‌లో ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ పెట్టమంటారు. వరుస పెట్టడానికి అది మంచిదే, కానీ మీ పరిస్థితికి చాలదు. మౌంట్ ఫెయిలైతే సర్వీసు కూడా ‘డిపెండెన్సీ ఫెయిల్డ్’ అని ఆగిపోతుంది. ‘రీస్టార్ట్’ అని రాసి ఉన్నా ఈ రకం ఫెయిల్యూర్‌కు అది వర్తించదు. నాస్ 5 నిమిషాలకు లేచినా సర్వీసు లేవదు. దానికి బదులు ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’తో మూడు లైన్లు కలపండి: ‘ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ’లో ఆ గుర్తు ఫైలుని టెస్ట్ చేయడం, ‘రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్’, ‘రీస్టార్ట్‌సెక్=30’. గుర్తు ఫైలు కనబడకపోతే సర్వీసు ఫెయిలై, 30 సెకన్ల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. నాస్ లేచిన అర నిమిషంలో సర్వీసు దానంతటదే వస్తుంది. ప్రయత్నానికి ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు ఉంటుంది కాబట్టి పైన చెప్పిన లిమిట్ కూడా తగలదు. జెల్లీఫిన్ లాంటివాటికి ఇది మరీ అవసరం. ఖాళీ ఫోల్డర్ చూసి స్కాన్ చేస్తే, సినిమాలన్నీ డిలీట్ చేశారనుకుని లైబ్రరీలోంచి తీసేసే ప్రమాదం ఉంది. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే వేరే డబ్బాలో నడిపే పద్ధతిలో) నడిపితే బైండ్ మౌంట్‌కు ప్రాపగేషన్ ‘ఆర్‌స్లేవ్’ అని ఇవ్వండి. లేకపోతే కంటైనర్ మొదలైన తర్వాత బయట అయిన మౌంట్ లోపల కనిపించదు.

లాగ్‌లో అడ్రస్ రాకముందే మౌంట్ ఫెయిలైనట్టు కనిపిస్తే, ఆటోమౌంట్‌తో లక్షణం పోతుంది కానీ మూలం కూడా తెలుసుకోవడం మంచిది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ అనే సర్వీసు ఎనేబుల్ అయి ఉండాలి. అది మామూలుగా 60 సెకన్ల దాకా ఆగుతుంది. అది ఉండి కూడా తొందరపడుతోందంటే ఐపీవీ6ని అనుమానించండి. మన దగ్గర ఇప్పుడు చాలా ఫైబర్ రూటర్లు ఐపీవీ6 అడ్రస్ కూడా ఇస్తున్నాయి. నెట్‌వర్క్‌మేనేజర్ దృష్టిలో రెండింట్లో ఒకటి వచ్చినా కనెక్షన్ అయినట్టే. ఐపీవీ6 ముందొస్తే ఆన్‌లైన్ అనేస్తుంది. మీ నాస్ అడ్రస్ ఐపీవీ4, దానికి ఇంకా దారి లేదు, 101 వస్తుంది. ‘ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై’ తర్వాత మీ కనెక్షన్ పేరు ఇచ్చి ‘ఐపీవీ4.మే-ఫెయిల్ నో’ అని పెట్టండి. ఐపీవీ4 వచ్చేదాకా ఆగుతుంది. ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి కాదు అనే మీ మామూలు రీస్టార్ట్ సమస్యకు ఇదే కారణం కావచ్చని నాకు అనుమానం.

పీసీకి స్టాటిక్ ఐపీ ఇచ్చి ఉంటే ఇంకో కారణం ఉంటుంది, ఆఫీసుల్లోని మేనేజ్డ్ స్విచ్‌ల దగ్గర ఇది తరచూ చూస్తాం. కేబుల్‌లో లింక్ రాగానే స్టాటిక్ అడ్రస్ అమల్లోకి వస్తుంది, సిస్టమ్ ఆన్‌లైన్ అనేస్తుంది. కానీ స్విచ్‌లో పాత పద్ధతి స్పానింగ్ ట్రీ (డేటా నెట్‌వర్క్‌లో గుండ్రంగా తిరగకుండా చూసే ఏర్పాటు) ఉంటే ఆ పోర్టులో 15 సెకన్లు వినడం, 15 సెకన్లు నేర్చుకోవడం అయ్యాకే డేటా వదులుతుంది. ఆ 30 సెకన్లూ మీ పీసీ ఏం పంపినా గోడకు కొట్టినట్టే. లింక్ లైట్ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పీసీలు తగిలే పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ లేదా ఎడ్జ్ సెట్టింగ్ ఇస్తే ఈ ఆలస్యం పోతుంది. మీ స్టూడియోలో ఉన్నది మామూలు 8 పోర్టుల స్విచ్ అయితే ఈ పేరా వదిలేయండి.

వైఫై మీద నడుస్తుంటే, లాగిన్ అయ్యాకే నెట్ వస్తోందా చూడండి. వైఫై పాస్‌వర్డు ఒక్క యూజర్‌కే సేవ్ అయి ఉంటే, ఆ యూజర్ లాగిన్ అయ్యేదాకా నెట్‌వర్క్ లేవదు. కనెక్షన్ సెట్టింగ్స్‌లో మిగతా యూజర్లకూ అందుబాటులో ఉంచాలనే టిక్ పెడితే బూట్‌లోనే వస్తుంది. అయినా వీడియోల బ్యాకప్‌కు కేబుల్ వేయించండి, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అడ్రస్ సంగతి కూడా చూసుకోండి. కరెంటు వచ్చాక రూటర్ కొత్తగా అడ్రస్‌లు పంచుతుంది, అప్పుడు నాస్‌కు నిన్నటి నంబరు రాకపోవచ్చు. రూటర్‌లో నాస్ మ్యాక్ అడ్రస్‌కు డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఎప్పుడూ అదే అడ్రస్ ఇచ్చే సెట్టింగ్) పెట్టండి. చివర డాట్ లోకల్ ఉన్న పేరు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో వాడకండి. ఆ పేరుని వెతికిపెట్టే అవాహీ సర్వీసు అప్పటికి లేచి ఉండకపోవచ్చు.

ఎర్రర్ 13 ఎప్పుడైనా వస్తే ఇవి చూడండి. పాస్‌వర్డులో కామా ఉండి, దాన్ని నేరుగా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాస్తే కామా దగ్గర తెగిపోతుంది. అందుకే పైన క్రెడెన్షియల్స్ ఫైలు వాడాను. అందులో యూజర్‌నేమ్=, పాస్‌వర్డ్= అని రెండు లైన్లు, సమానం గుర్తుకు అటూ ఇటూ స్పేస్ లేకుండా ఉండాలి. ఓనర్ రూట్, పర్మిషన్ 600. ఆ ఫైలుని విండోస్ నోట్‌ప్యాడ్‌లో చేసి తెచ్చుకుంటే లైన్ చివర కనబడని అక్షరం ఒకటి వస్తుంది, అది పాస్‌వర్డులో కలిసిపోవచ్చు. ఉబుంటులోనే కొత్తగా రాసుకోండి. షేర్ పేరులో స్పేస్ ఉంటే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో దాని బదులు \040 అని రాయాలి.

ఎర్రర్ 112 వస్తే, అంటే హోస్ట్ డౌన్ అని వచ్చి, పింగ్ మాత్రం బాగా వెళ్తుంటే, సాధారణంగా అది ఎస్ఎంబీ (సిఫ్స్ షేర్లు మాట్లాడుకునే భాష) వెర్షన్ తగాదా. 2017లో వచ్చిన కెర్నెల్ 4.13 నుంచి లైనక్స్ ఎస్ఎంబీ 1ని దానంతటది వాడడం మానేసింది. రూటర్ వెనక యూఎస్‌బీలో హార్డ్‌డిస్కు పెట్టి షేర్ చేసే పాత మోడళ్లలో కొన్నింటికి ఎస్ఎంబీ 1 తప్ప రాదు. ‘వెర్స్=1.0’ పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబుతారు, పనిచేస్తుంది కూడా. కానీ 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ 1లోని లోపం పట్టుకునే. కస్టమర్ల ఫొటోలున్న చోట అది పెట్టకండి.

తర్వాత ఎప్పుడైనా నాస్ లోపలి ఫోల్డర్‌ని ఇంకోచోట కనిపించేలా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో బైండ్ మౌంట్ రాస్తే దానికి _నెట్‌డెవ్ తప్పనిసరి. అది లేకపోతే సిస్టమ్‌డీ దాన్ని లోకల్ డిస్కు అనుకుంటుంది. లోకల్ డిస్కులు నెట్‌వర్క్ కంటే ముందు రావాలి, ఇదేమో నెట్‌వర్క్ తర్వాత రావాల్సిన నాస్ మీద ఆధారపడింది. లాగ్‌లో ‘ఆర్డరింగ్ సైకిల్’ అని వచ్చి, సిస్టమ్‌డీ ఆ చక్రం తెంచడానికి ఏదో ఒక యూనిట్‌ని వదిలేస్తుంది. లేదా మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

ఎడిటింగ్ పీసీల్లో విండోస్ ఉందన్నారు. అక్కడ స్టార్టింగ్‌లో మ్యాప్డ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు వచ్చి, దాన్ని క్లిక్ చేస్తే తెరుచుకుంటే అది కూడా ఇదే తొందరపాటు, కంగారు పడాల్సింది లేదు. ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీలో, లాగిన్ సమయంలో నెట్‌వర్క్ కోసం ఎప్పుడూ ఆగాలనే సెట్టింగ్ ఆన్ చేయండి. డ్రైవ్ అక్షరాలు లాగిన్ అయిన యూజర్‌కు మాత్రమే ఉంటాయి, కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులకు జెడ్ డ్రైవ్ అని కాకుండా \\192.168.1.20\ఫొటోస్ అని పూర్తి దారి ఇవ్వండి. విండోస్ 11 ప్రో 24హెచ్2కి మారాక షేర్ తెరుచుకోకపోతే, అది పాస్‌వర్డు లేని గెస్ట్ షేర్లను ఒప్పుకోదు. నాస్‌లో ఒక యూజర్‌ని చేసి పాస్‌వర్డు పెట్టడమే మార్గం.

నాస్ సెట్టింగ్స్‌లో, కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే ఆప్షన్ ఉందో చూసి పెట్టండి. పీసీ బయాస్‌లో కూడా అలాంటిది ఉంటుంది. నాస్‌ని, రూటర్‌ని, స్విచ్‌ని ఒకే యూపీఎస్ మీద పెట్టండి. ఇన్వర్టర్ ఉన్నా ఈ మూడింటికి యూపీఎస్ వేరే ఉంటేనే మంచిది, ఇన్వర్టర్ మారే క్షణంలో నాస్ రీస్టార్ట్ కావచ్చు. వేసవి కోతల్లో డిస్కులు నిలబడాలంటే ఈ ఖర్చు తప్పదు.

అన్నీ అయ్యాక పరీక్ష మామూలు రీస్టార్ట్‌తో చేయకండి, అందులో నాస్ ముందే లేచి ఉంటుంది కాబట్టి ఏమీ తేలదు. నాస్ నెట్‌వర్క్ కేబుల్ పీకేసి పీసీని రీస్టార్ట్ చేయండి. పీసీ ఆగకుండా లాగిన్ దాకా రావాలి. /ఎంఎన్‌టీ/నాస్‌లో ‘ఎల్ఎస్’ కొడితే ఖాళీగా కాదు, ఎర్రర్‌తో రావాలి. బ్యాకప్ స్క్రిప్టు చేత్తో నడిపితే గుర్తు ఫైలు లేదని ఆగిపోవాలి. తర్వాత ఆటోమౌంట్‌ని స్టాప్ చేసి, ఆ ఫోల్డర్‌లో ‘సుడో టచ్’తో ఒక ఫైలు చేయబోతే ఒప్పుకోకూడదు. ఇప్పుడు ఆటోమౌంట్‌ని మళ్లీ స్టార్ట్ చేసి, కేబుల్ పెట్టి, అర నిమిషం ఆగి ‘ఎల్ఎస్’ కొట్టండి. ఏ మౌంట్ కమాండూ ఇవ్వకుండానే ఫొటోలు కనిపించాలి. ఇందులో ఏ మెట్టు దగ్గర తేడా వచ్చినా, ఆ మెట్టు పేరు, ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎంఎన్‌టీ-నాస్.మౌంట్ ఎంఎన్‌టీ-నాస్.ఆటోమౌంట్’ ఇచ్చిన అవుట్‌పుట్, పాస్‌వర్డు లేకుండా మీ ఎఫ్ఎస్‌ట్యాబ్ లైన్ పంపండి, చూసి చెబుతాను.